ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్‌కు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? కాగితం మీద తేల్చే పద్ధతి

హన్మకొండ చౌరస్తాలో కారెక్కితే శంషాబాద్ విమానాశ్రయంలో దిగడానికి మూడు, మూడున్నర గంటలు పడుతుంది. దాదాపు అంతే సమయంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లేచిన విమానం 1,874 కిలోమీటర్లు దాటి లిస్బన్‌లో దిగుతుంది. కానీ టికెట్ చూస్తే ఉదయం 10:00కు బయలుదేరి 12:05కు చేరుతున్నట్టు ఉండొచ్చు. అంటే రెండు గంటలే అనిపిస్తుంది. తిరుగు టికెట్‌లో 13:00కు బయలుదేరి 16:50కు చేరుతున్నట్టు ఉంటుంది. అంటే దగ్గర దగ్గర నాలుగు గంటలు. విమానం అదే, దారి అదే, టికెట్ మీద తప్పూ లేదు.

జర్మనీలో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు పనిలో పనిగా రోమ్, పారిస్, లిస్బన్ కూడా చూసొద్దామనుకునేవాళ్ళు వరంగల్, కరీంనగర్ వైపు ఇప్పుడు తక్కువేం లేరు. వెబ్‌సైట్లలో వెతికితే ఒక్కోచోట ఒక్కో సంఖ్య కనిపిస్తుంది. ఏ సంఖ్య దేన్ని చెబుతోందో తెలియాలంటే లెక్క ఒకసారి చేత్తో వేసి చూడాలి. పదో తరగతి త్రికోణమితి, ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు బిందువులు ఖాయం చేసుకోవాలి

"పారిస్ నుంచి బెర్లిన్" అన్నప్పుడు ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకు కొలిస్తే 878 కిలోమీటర్లు వస్తుంది. పారిస్ షార్ల్ ద గాల్ విమానాశ్రయం నుంచి బెర్లిన్ బ్రాండెన్‌బుర్గ్ విమానాశ్రయానికి కొలిస్తే 856. ఇరవై రెండు కిలోమీటర్ల తేడాకు కారణం విమానాశ్రయాలు ఊరికి ఏ వైపున ఉన్నాయన్నదే. విమానం సంగతి తేల్చాలంటే విమానాశ్రయాల మధ్య దూరమే తీసుకోవాలి. ఊరి మధ్య దూరం రోడ్డుకూ రైలుకూ పనికొస్తుంది.

పేరులో ఊరు ఉన్నంత మాత్రాన విమానాశ్రయం ఆ ఊళ్ళో ఉంటుందనుకోకండి. 'ఫ్రాంక్‌ఫర్ట్-హాన్' అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన లెక్కలో అది కాజీపేటలో దింపి సికింద్రాబాద్ వచ్చేసిందని చెప్పడం. 'పారిస్-బోవే' పారిస్‌కు ఉత్తరాన 85 కిలోమీటర్లు, అంటే జనగామలో దింపి హైదరాబాద్ అన్నట్టు. మ్యూనిక్ పేరు తగిలించుకుని అమ్ముడుపోయే మెమ్మింగెన్ కూడా వంద కిలోమీటర్లకు పైమాటే. మిలాన్‌కు మూడున్నాయి: లినాటె ఊరిని ఆనుకునే ఉంటుంది, మాల్పెన్సా, బెర్గామో మాత్రం చెరో వైపు యాభై కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. టికెట్ ధర అనుమానం పుట్టించేంత తక్కువగా ఉంటే ముందు మూడక్షరాల కోడ్ చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద విమానాశ్రయం కోడ్ ఎఫ్‌ఆర్‌ఏ, హాన్ కోడ్ హెచ్‌హెచ్‌ఎన్.

పాత పట్టికలతోనూ జాగ్రత్త. బెర్లిన్‌కు టేగెల్ అని రాసి ఉంటే ఆ పట్టిక 2020కి ముందుది. ఆ సంవత్సరం అక్టోబర్ 31న బ్రాండెన్‌బుర్గ్ తెరుచుకుంది, నవంబర్‌లో టేగెల్ మూతపడింది. ఒకటి ఊరికి వాయవ్యాన, ఇంకోటి ఆగ్నేయాన ఉన్నాయి కాబట్టి కిలోమీటర్లూ, ఊళ్ళోకి వెళ్ళే బండీ రెండూ మారిపోతాయి.

అక్షాంశ రేఖాంశాలు తీసుకునేటప్పుడు

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం రన్‌వే మధ్యలో వేలితో నొక్కి పట్టుకుంటే రెండు సంఖ్యలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రెండు దశాంశ స్థానాలు చాలు, అంతవరకు తీసుకుంటే పొరపాటు కిలోమీటరు లోపే ఉంటుంది.

ఫ్రాంక్‌ఫర్ట్: 50.03 ఉత్తరం, 8.57 తూర్పు.
లిస్బన్: 38.77 ఉత్తరం, 9.13 పశ్చిమం.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది తూర్పు-పడమరల గుర్తు. గ్రీనిచ్ రేఖకు పడమరన ఉన్నవాటికి మైనస్ పెట్టాలి, కాబట్టి లిస్బన్ రేఖాంశం −9.13. వరంగల్‌లో కూర్చున్నవాళ్ళకు ఈ అలవాటు ఉండదు. మన దేశమంతా తూర్పు రేఖాంశాల్లోనే ఉంది, మైనస్ పెట్టాల్సిన అవసరమే రాదు. లిస్బన్, పోర్టో, మాడ్రిడ్, డబ్లిన్, లండన్ హీత్రో మాత్రం మైనస్ వైపు ఉంటాయి. మైనస్ మరిచిపోయి 9.13లోంచి 8.57 తీసేస్తే తేడా 0.56 డిగ్రీలే వస్తుంది, దూరం 1,253 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ లెక్క ప్రకారం మీ విమానం సార్డీనియా దీవికి దక్షిణాన సముద్రంలో దిగుతుంది.

రెండోది డిగ్రీలు, నిమిషాల గొడవ. కొన్ని పట్టికల్లో 9°08′ అని ఉంటుంది. అది 9.08 కాదు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 8ని 60తో భాగించాలి, 9.13 వస్తుంది. 9°50′ లాంటి చోట అలాగే వదిలేస్తే దశాంశంలో 0.33 డిగ్రీ తేడా పడుతుంది. ఉత్తర-దక్షిణాల్లో అది 37 కిలోమీటర్లు.

తెలిసిన దూరంతో చెయ్యి సరిచేసుకోండి

నేరుగా ఐరోపా మీదికి పోకుండా ముందు మనకు తెలిసిన దారి మీద వేసి చూడండి. హైదరాబాద్ 17.39, 78.49. వరంగల్ 17.97, 79.59. అక్షాంశాల తేడా 0.58, రేఖాంశాల తేడా 1.10.

ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా 111.2 కిలోమీటర్లే. రేఖాంశం అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశానికి కూడా 111 కిలోమీటర్లు ఉంటుంది కానీ ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ గీతలు దగ్గరవుతూ పోతాయి. ఎంత దగ్గరవుతాయో ఆ అక్షాంశపు కాస్ విలువ చెబుతుంది. వరంగల్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర 71. హెల్సింకి దగ్గర 55. మన దగ్గరి కొలతతో ఐరోపా పటం చదివితే తూర్పు-పడమర దూరాలు సగం మేర ఎక్కువ కనిపించేది ఇందుకే. గోడకు తగిలించే చాలా ప్రపంచ పటాల్లో ఉత్తరాన ఉన్నవి సాగదీసినట్టు ఉంటాయి కాబట్టి స్కేలు పెట్టి కొలవడం మరీ పొరపాటు.

ఇప్పుడు లెక్క. తూర్పు-పడమర: 1.10 × 111.2 × కాస్ 17.68 (రెండు అక్షాంశాల సగటు) = 116.5. ఉత్తర-దక్షిణం: 0.58 × 111.2 = 64.5. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 133 కిలోమీటర్లు. రోడ్డు మీద 145, 150 అని మనకు తెలుసు. రోడ్డుకు వంకరలుంటాయి కాబట్టి గాలిలో దూరం అంతకన్నా పదో వంతు తక్కువ రావడం సహజం. మీకు 133 రాకపోతే ముందుకు పోకండి. కాలిక్యులేటర్ డిగ్రీలో కాక రేడియన్‌లో (కోణాలకు ఇంకో కొలత) ఉండొచ్చు. 60కి కాస్ నొక్కండి: 0.5 వస్తే డిగ్రీలో ఉన్నట్టు, −0.95 వస్తే రేడియన్‌లో ఉన్నట్టు.

ఇగ ఫ్రాంక్‌ఫర్ట్ – లిస్బన్

రేఖాంశాల తేడా: 8.57 − (−9.13) = 17.70. అక్షాంశాల తేడా: 50.03 − 38.77 = 11.26. సగటు అక్షాంశం 44.40, దాని కాస్ 0.7145.

తూర్పు-పడమర: 17.70 × 111.2 × 0.7145 = 1,406.
ఉత్తర-దక్షిణం: 11.26 × 111.2 = 1,252.
వర్గాల మొత్తానికి వర్గమూలం: 1,883 కిలోమీటర్లు.

ఇది దగ్గరిదారి లెక్క. భూమిని కాసేపు చదునుగా అనుకున్నాం. నిజంగా గోళం మీద వేస్తే ఇలా ఉంటుంది: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. 0.7664 × 0.6262 = 0.4799. రెండు అక్షాంశాల కాస్‌లను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కాస్‌తో మళ్ళీ గుణించండి. 0.6424 × 0.7797 × 0.9527 = 0.4771. రెండూ కూడితే 0.9570. కాలిక్యులేటర్‌లో దీనికి విలోమ కాస్ (cos⁻¹) నొక్కండి, సుమారు 16.86 డిగ్రీలు వస్తుంది. 111.2తో గుణిస్తే 1,874, 1,875 దగ్గర ఆగుతుంది. మధ్యలో అంకెలు కుదించకుండా ఒకే బిగిన నొక్కితే 1,874. గొలుసు మధ్యలో తెంపి నాలుగు దశాంశాలు రాసుకుంటూ పోతే చివర ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

దగ్గరిదారి లెక్కకూ దీనికీ తేడా తొమ్మిది కిలోమీటర్లు, వెయ్యికి ఐదు. ప్రయాణం ఆలోచించడానికి అది చాలు. దూరం పెరిగి, ఉత్తరానికి పోయేకొద్దీ మాత్రం దగ్గరిదారి నమ్మకం తగ్గుతుంది. లిస్బన్ నుంచి హెల్సింకికి అదే పద్ధతిలో 3,433 వస్తుంది, అసలు దూరం 3,365. దాదాపు డెబ్బై కిలోమీటర్ల తప్పు. రెండు వేల కిలోమీటర్లు దాటితే గోళం లెక్కే వేయండి.

కొన్ని చోట్ల సంఖ్య 1,165 అనీ, ఇంకొన్ని చోట్ల 1,012 అనీ కనిపిస్తుంది. మొదటిది మైళ్ళు (1.609తో భాగించారు), రెండోది నాటికల్ మైళ్ళు (1.852తో భాగించారు). పైలట్ల లెక్క రెండోదే. ఒక నిమిషం అక్షాంశానికి ఒక నాటికల్ మైలు, అందుకే 16.86 డిగ్రీలను 60తో గుణిస్తే నేరుగా ఆ 1,012 వచ్చేస్తుంది.

దూరం నుంచి సమయానికి

విమానం గంటకు 830, 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది కదా అని 1,874ను దానితో భాగిస్తే రెండుంపావు గంట వస్తుంది. టికెట్ మీద మూడు గంటలుంటుంది. మిగతా ముప్పావు గంట ఎక్కడ పోయింది?

వరంగల్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఘట్‌కేసర్ దాకా బండి గాలిలా వస్తుంది, ఉప్పల్ నుంచి లోపలికే పొద్దు పోతుంది. విమానానికీ రెండు చివర్లా ఉప్పల్ ఉంటుంది. గేటు దగ్గర తలుపు మూసుకుని, వెనక్కి నెట్టించుకుని, రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికి పది నుంచి ఇరవై నిమిషాలు. దిగాక గేటుకు చేరడానికి ఐదు నుంచి పది. పైకెక్కే ఇరవై నిమిషాలూ, దిగే ఇరవై ఐదు నిమిషాలూ పూర్తి వేగం ఉండదు. దీనికి తోడు గీత గీసినట్టు నేరుగా ఏ విమానమూ పోదు. నిర్ణీత మార్గాలు, రన్‌వే దిశకు తగ్గట్టు చుట్టుతిరగడం కలిసి దూరం కొన్ని శాతం పెరుగుతుంది. ఆలస్యం పడకుండా విమానయాన సంస్థలు షెడ్యూల్‌లో కాస్త వెసులుబాటూ కలుపుకుంటాయి. టికెట్ మీద ఉండే సమయం గేటు నుంచి గేటుకు, గాలిలో ఉండే సమయం కాదు.

ఈ గోలంతా ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది: కిలోమీటర్లను 800తో భాగించి, 40 నిమిషాలు కలపండి. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 తరగతి విమానాలకు ఇది బాగా కుదురుతుంది. మనకు తెలిసిన దారి మీద పరీక్షించండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,265 కిలోమీటర్లు. 800తో భాగిస్తే గంటా 35 నిమిషాలు, నలభై కలిపితే రెండుంపావు. ఆ దారిలో తిరిగినవాళ్ళకు తెలిసిన సమయమే.

ఫ్రాంక్‌ఫర్ట్–లిస్బన్: 2 గంటల 20 నిమిషాలు + 40 = 3 గంటలు.
ఫ్రాంక్‌ఫర్ట్–మాడ్రిడ్, 1,420 కిలోమీటర్లు: 1.46 + 0.40 = 2 గంటల 26 నిమిషాలు. (చుక్క తర్వాతవి నిమిషాలు, దశాంశాలు కావు.)
ఫ్రాంక్‌ఫర్ట్–రోమ్ ఫియుమిచినో, 960 కిలోమీటర్లు: 1.12 + 0.40 = గంటా 52 నిమిషాలు.
లండన్ హీత్రో–పారిస్ షార్ల్ ద గాల్, 347 కిలోమీటర్లు: 0.26 + 0.40 = గంటా 6 నిమిషాలు.

చివరిదాన్ని మాత్రం నమ్మకండి, షెడ్యూల్‌లో ఇంకో పది పదిహేను నిమిషాలు ఎక్కువే ఉంటుంది. రెండు చివర్లా రద్దీ విమానాశ్రయాలైతే నలభైని యాభై ఐదు చేసుకోండి. దూరం ఎంత తక్కువైతే ఈ స్థిర భాగం బరువు అంత ఎక్కువ. 347 కిలోమీటర్ల ప్రయాణంలో నిజంగా ముందుకు పోయేది అరగంట లోపే.

విమానం రకం చూడటం మరవద్దు. రెక్కల కింద పంకాలు తిరిగే ఎటిఆర్ 72 అయితే వేగం గంటకు 500 దరిదాపుల్లోనే. దానికి 450తో భాగించి అరగంట కలపండి.

గాలి సంగతి

ఐరోపా మీద పది కిలోమీటర్ల ఎత్తున గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో దాని జోరు పెరుగుతుంది. కాబట్టి లిస్బన్‌కు పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. 1,874లో ఎక్కడం దిగడం పోను 1,500 కిలోమీటర్లు పూర్తి వేగంతో పోతుందనుకుందాం. గాలి గంటకు 80 కిలోమీటర్లు ఉంటే పోయేటప్పుడు వేగం 830 నుంచి 750కి పడుతుంది, రెండు గంటలు. వచ్చేటప్పుడు 910 అవుతుంది, గంటా 39 నిమిషాలు. ఇరవై నిమిషాల తేడా. ఫ్రాంక్‌ఫర్ట్–రోమ్ లాంటి ఉత్తర-దక్షిణ దారిలో గాలి పక్క నుంచి తగులుతుంది కాబట్టి పోను రాను పెద్ద తేడా ఉండదు. షెడ్యూల్‌లో రెండు వైపులా పది పదిహేను నిమిషాలు వేరుగా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

గగనతలం మూసుకుపోవడం వల్ల వచ్చిన తేడా తూర్పు ఐరోపాలో ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూసి ఉంది, బెలారస్ మీదుగా కూడా ఐరోపా సమాఖ్య విమానాలు పోవు. విల్నియస్ లేదా రీగా నుంచి ఇస్తాంబుల్‌కు గోళం లెక్క వేస్తే గీత ఆ రెండు దేశాల మీదుగానే వస్తుంది. అక్కడ మీ లెక్కకు కనీసం అరగంట కలిపి పెట్టుకోండి.

గడియారం ఎవరిది?

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం, చేరే సమయం చేరే ఊరి గడియారం. ఒకే దేశం, ఒకే గడియారం అలవాటైన మనకు జర ఇబ్బంది పెట్టేది ఇదే.

ఐరోపాలో గుర్తుంచుకోవాల్సినవి మూడు గడియారాలు. పోర్చుగల్, బ్రిటన్, ఐర్లండ్ ఒక జట్టు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోలండ్, స్వీడన్ వగైరా పెద్ద జట్టు వాటికన్నా గంట ముందు. ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు, గ్రీస్, రొమేనియా, బల్గేరియా ఇంకో గంట ముందు. స్పెయిన్, పోర్చుగల్ పక్కపక్కనే ఉన్నా గడియారాలు వేరు, పటం చూసి ఊహిస్తే తప్పుతారు.

సూత్రం చిన్నదే. చేరే సమయంలోంచి బయలుదేరే సమయం తీసేయండి. పడమరకు పోయి ఉంటే గంటల తేడా కలపండి, తూర్పుకు పోయి ఉంటే తీసేయండి. 10:00 నుంచి 12:05 అంటే 2:05, పడమరకు ఒక గంట కలిపితే 3:05. తిరుగు దారిలో 13:00 నుంచి 16:50 అంటే 3:50, ఒక గంట తీసేస్తే 2:50. ఆ పదిహేను నిమిషాల తేడా పైన చెప్పిన గాలిదే. లిస్బన్–హెల్సింకి అయితే తేడా రెండు గంటలు: నాలుగు గంటల నలభై నిమిషాల ప్రయాణం టికెట్ మీద ఆరు గంటల నలభైలా, ఐదు గంటల తిరుగు ప్రయాణం మూడు గంటల్లా కనిపిస్తుంది.

మార్చి చివరి ఆదివారం ఐరోపా గడియారాలు గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. పైన చెప్పిన దేశాలన్నీ ఒకే క్షణంలో మారుస్తాయి కాబట్టి వాటి మధ్య తేడాలు ఏడాదంతా అవే. ఐస్‌లాండ్, టర్కీ మాత్రం మార్చవు. మన దేశమూ మార్చదు, అందుకే మనతో తేడా మారుతుంది. జర్మనీ మనకన్నా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. పోర్చుగల్, బ్రిటన్ నాలుగున్నర, ఐదున్నర. "దిగగానే ఫోన్ చేస్తా" అన్న పిల్లవాడి ఫోన్ కోసం వరంగల్‌లో ఎన్నింటికి చూడాలో తేల్చాలంటే: లిస్బన్‌లో 12:05 అంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం 4:35, చలికాలంలో 5:35. దిగాక బయటికి రావడానికి ఇంకో అరగంట ఇవ్వండి, అప్పటిదాకా కంగారుపడొద్దు.

ఈ కిలోమీటర్లకు డబ్బు కూడా ఉంది

దూరం లెక్క కచ్చితంగా ఎందుకంటారా? విమానం ఆలస్యమైతే నష్టపరిహారం ఆ దూరాన్ని బట్టే. 2004లో వచ్చిన ఐరోపా సమాఖ్య 261వ నిబంధన ప్రకారం, సమాఖ్య దేశం నుంచి బయలుదేరే విమానం మూడు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే, కారణం సంస్థ చేతిలోనిదైతే, 1,500 కిలోమీటర్ల వరకు 250 యూరోలు, సమాఖ్య లోపల అంతకు మించితే 400 యూరోలు. తుఫాను, గగనతల నియంత్రణ సమ్మె లాంటివాటికి రాదు. మన పాస్‌పోర్టు ఉన్నా వర్తిస్తుంది, పౌరసత్వంతో పని లేదు. ఈ మొత్తాలనూ గడువులనూ మార్చాలన్న ప్రతిపాదన నడుస్తోంది కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఉన్న అంకెలు చూసుకోండి. బ్రిటన్ నుంచి బయలుదేరితే అక్కడి సొంత నిబంధన, పౌండ్లలో.

అంటే ఫ్రాంక్‌ఫర్ట్–మాడ్రిడ్‌కు (1,420) 250, ఫ్రాంక్‌ఫర్ట్–లిస్బన్‌కు (1,874) 400. మధ్యలో ఎక్కడో విమానం మారినా అడ్డదిడ్డంగా తిరిగిన కిలోమీటర్లు లెక్కకు రావు. ఒకే బుకింగ్ అయితే మొదటి విమానాశ్రయం నుంచి చివరి విమానాశ్రయానికి గోళం మీద నేరు దూరమే తీసుకోవాలని ఐరోపా న్యాయస్థానం 2017లో తేల్చింది. చేరిన సమయం అంటే చక్రాలు నేలను తాకిన సమయం కాదు, తలుపు తెరిచిన సమయం అని 2014లోనే చెప్పింది. రెండు గంటల యాభై నిమిషాల ఆలస్యంతో దిగి, గేటు ఖాళీ లేక పావుగంట కూర్చోబెడితే మూడు గంటలు దాటినట్టే. తలుపు తెరుచుకునేటప్పుడు ఫోన్‌లో గడియారం కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

మ్యూనిక్–మాడ్రిడ్ సరిగ్గా గీత మీద కూర్చుంది. దగ్గరిదారి లెక్కలో 1,502 వస్తుంది, గోళం లెక్కలో 1,497. ఒక దాని ప్రకారం 400, ఇంకో దాని ప్రకారం 250. పైగా భూమి పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే వెయ్యికి రెండు మూడు వంతులు అటూ ఇటూ అవుతుంది, అంటే ఇక్కడ మూడు, నాలుగు కిలోమీటర్లు. ఇలాంటి జంట తగిలితే కాగితం లెక్క పక్కన పెట్టి, విమానాశ్రయాల అధికారిక అక్షాంశ రేఖాంశాలతో సంస్థ ఏ దూరం తీసుకుందో రాతపూర్వకంగా అడగండి.

రోజులో ఎంత పోతుంది?

విమానం మూడు గంటలన్నారు కదా అని సాయంత్రం మ్యూజియం టికెట్ కొనుక్కోకండి. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద రైల్వే స్టేషన్ నుంచి విమానాశ్రయానికి లోకల్ రైల్లో పావుగంట, అది సుళువే. రెండు గంటల ముందు చేరాలి. లిస్బన్‌లో విమానాశ్రయం ఊళ్ళోనే ఉంది, మెట్రో లోపలికే వస్తుంది, కాబట్టి సామాను తీసుకుని ఊరి నడుమకు చేరడానికి గంట. మొత్తం దగ్గర దగ్గర ఆరున్నర గంటలు. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) మధ్య పాస్‌పోర్టు క్యూ మామూలుగా ఉండదు. లండన్, డబ్లిన్ షెంగెన్‌లో లేవు. వాటికి వేరే వీసా కావాలి, క్యూకు ఇంకో గంట కలుపుకోవాలి. షెంగెన్ వీసా చేతిలో ఉంది కదా అని లండన్ టికెట్ కొనేసి కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్ళు ఉంటూనే ఉంటారు.

ఐదారు వందల కిలోమీటర్ల లోపైతే ముందు రైలు చూడండి. మాడ్రిడ్–బార్సిలోనా పట్టాల మీద 621 కిలోమీటర్లు, రెండున్నర గంటలు, ఊరి నడుమ నుంచి ఊరి నడుమకు. లండన్–పారిస్ రెండుంపావు గంటల పైచిలుకు. 800, 40 సూత్రంతో వచ్చిన సమయానికి మూడున్నర గంటలు కలిపి రైలు సమయంతో పోల్చండి. ఈ రెండు దారుల్లోనూ విమానం ఓడిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి లిస్బన్‌కు విడిగా ఇంకో చవక టికెట్ కొనేటట్టయితే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు. నడుమ నాలుగు గంటలకు తక్కువ కాకుండా వదలండి. ఇమిగ్రేషన్ దాటాలి, సామాను తీసుకోవాలి, మళ్ళీ ఇచ్చి సెక్యూరిటీ దాటాలి. రెండో టికెట్ హెచ్‌హెచ్‌ఎన్ నుంచి అయితే ఆ నాలుగు గంటలకు బస్సులో 120 కిలోమీటర్లూ, ఆ బస్సు కోసం నిలబడే సమయమూ కలపాలి. మొత్తం ఏడు గంటలకు తక్కువైతే ఆ టికెట్ కొనకండి.